పండగనాటి గండి

మా అన్నయ్య అల్ఫే కట్ట మీద కూర్చుని ప్రాణం పోతున్నట్టు గిన్నె వాయిస్తుంటే, రోడ్డు మీద ఊరు ఊరంతా ఈలలు వేసింది. నేనూ వేశాను. ఈ మాట పట్టుకుని నన్నెవరైనా వేళాకోళం చేస్తే ఊరుకునేది లేదు, ముందే చెబుతున్నాను. ఆగస్టు పదిహేను సాయంత్రం మా ఊళ్ళో గిన్నె మోగితే అది పండగ కాక ఇంకేమనుకుంటారు?

ఆ రోజు మరియమాత పండగ, ఫ్రెంచి మాట్లాడే మా అకాడియన్ల పండగ. గిన్నెలు, మూకుళ్ళు, బకెట్లు, పాత హారన్లు, ఏది చేతికి దొరికితే అది పట్టుకుని చర్చి దగ్గర బయల్దేరి సముద్రం ఒడ్డున శిలువ దాకా మోగించుకుంటూ వెళ్తాం. దాన్ని తింతమార్ అంటాం. మా ముత్తాతల ముత్తాతల్ని ఇంగ్లీషు రాజు సైనికులు ఇళ్ళలోంచి లాగి, ఓడల్లో కుక్కి, తలో దిక్కుకీ విసిరేశారు. ఇళ్ళు తగలబెట్టారు. ఏళ్ళ తర్వాత కొన్ని కుటుంబాలు అడవుల్లో పడి నడిచి తిరిగొచ్చేసరికి, వాళ్ళ పొలాలు వేరేవాళ్ళు దున్నుకుంటున్నారు. మీకు ఈ రాళ్ళ ఒడ్డు చాలు పొమ్మన్నారు. మొదటి చలికాలం ఆల్చిప్పలు తవ్వుకు తిని బతికారు. వాళ్ళు పడవ దిగిన చోటే ఆ శిలువ ఉంది. పోయామనుకున్నారుగా, పోలేదు, ఇదిగో ఇక్కడే ఉన్నాం అని చెప్పడానికే ఏటా ఈ మోత. ఎంత గట్టిగా మోగిస్తే అంత పుణ్యం. ఆ లెక్కన నేను నేరుగా స్వర్గానికే పోతాను.

శిలువ కింద, పోటు వచ్చినప్పుడల్లా మునిగే చిత్తడి నేల కొంచెం ఉంది. నాలుగేళ్ళ కిందట మా అన్నయ్య దాని మీద కన్నేశాడు. బతుకంతా లాబ్‌స్టర్లు పట్టే పడవ మీద గడిపినవాడు, ఎనభై ఏళ్ళు వచ్చాక ఉన్నట్టుండి నా వంటింట్లోకి వచ్చి, "జెర్మెన్, మనవాళ్ళు సముద్రం మీద బతికినవాళ్ళు కాదే. సముద్రాన్ని ఆపి బతికినవాళ్ళు. అక్కడ కట్ట వేద్దాం," అన్నాడు.

"పిచ్చి ముదిరిందా అన్నయ్యా?"

"ముదిరితే ముదిరింది. పార ఎక్కడుంది?"

నేను నవ్వాను. మూడు రోజుల తర్వాత నేనే పార పట్టుకుని మోకాలి లోతు బురదలో ఉన్నాను. మా అన్నయ్య సంగతి మీకు తెలియదు. గడ్డి వేళ్ళతో సహా నేలను పెళ్ళలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్ట వేశాం. కట్ట అడుగున కొయ్య తూము పెట్టాం. ఆటుకి దాని తలుపు తెరుచుకుని లోపలి వాననీరు బయటికి పోతుంది, పోటుకి సముద్రమే దాన్ని మూసేస్తుంది. పాతవాళ్ళు చేసినట్టే, ఒక్క ఇనుప మేకు లేకుండా. ఆ తర్వాత చెయ్యడానికేం లేదు, ఎదురు చూడటమే. మట్టిలో ఉప్పు పోవాలంటే మూడు చలికాలాల మంచూ వానా దాన్ని కడగాలి. కడిగాయి. గోధుమ చల్లాం. ఈ ఏడు ఆ మడిలో గోధుమ నడుము దాకా ఎదిగి, పండి, బంగారంలా నిలబడింది. మా ఊరి నేల మీద గోధుమ ఎదగడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది, అది దాచుకోవడానికి ఎవర్నో ఒకర్ని తిట్టేదాన్ని.

అన్నయ్య కోరిక ఒక్కటే. ఆ గోధుమతో రొట్టె చేసుకుని తినాలి. వెళ్ళగొట్టక ముందు మా వాళ్ళు తిన్న రొట్టె లాంటిది, ఒక్క ముక్క. ఆయన గుండె ఎప్పుడో సగం పాడైంది. పోయిన నెల, వచ్చే చలికాలం మాటెత్తకుండానే డాక్టరు మందులు రాసిచ్చాడు. కోత ఆ వారమే కావాల్సింది. వాన పట్టింది. వాన వెలిసేసరికి పండగ వచ్చేసింది. మరియమాత పండగ పూట మా ఊళ్ళో కొడవలి పట్టేవాళ్ళు లేరు, పాపమంటారు. సరే, తెల్లారగానే కోద్దామనుకున్నాం. ఒక్క రాత్రిలో ఏం కొంపలు మునుగుతాయని!

పండగ పొద్దున ఇంకో సంబరం జరిగింది. ఎక్కడో దక్షిణాన వేడి దేశం, లూసియానా నుంచి క్లోవిస్ అని ఒక భారీ మనిషి వచ్చాడు. ఛాతీ మీద బట్టలుతికే గాట్ల రేకు తగిలించుకుని, దాన్ని చెంచాలతో గరగరా గీకుతాడు, వాళ్ళ వైపు అదో వాయిద్యం. ఓడల్లో పోయినవాళ్ళలో ఎందరో తిరిగి తిరిగి చివరికి ఆ వైపు స్థిరపడ్డారు. మాలో ఇద్దరు కొత్తగా కలిస్తే ముందు తండ్రుల పేర్లు చెప్పుకుంటారు. క్లోవిస్ తన తండ్రి, తాత, ముత్తాత అంటూ వెనక్కి పోయాడు. అన్నయ్య ఇటునుంచి వెనక్కి పోయాడు. చుట్టూ జనం ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఎనిమిదో పేరు ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది! ఆయన కొడుకులే, ఇద్దరు అన్నదమ్ములు, చెరో ఓడ ఎక్కించబడ్డవాళ్ళు. క్లోవిస్ మా అన్నయ్యని కుర్చీతో సహా ఎత్తేశాడు.

"దించరా దున్నపోతా! నా గుండె!" అన్నాడు అన్నయ్య, ముఖమంతా నవ్వే.

"నిన్ను దింపితే మళ్ళీ రెండొందల యాభై ఏళ్ళు పట్టొచ్చు పెద్దన్నా, దింపను!"

నేను ఏడ్చాను. ఉల్లిపాయలు తరిగానని చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

సాయంత్రం ఊరేగింపుతో నడవలేడని అన్నయ్యని ముందే కట్ట మీదికి చేర్చాం. ఆయన కొడుకు రేఆల్ ట్రక్కులో తీసుకెళ్ళి, కుర్చీ వేసి, ఒళ్ళో ఇనుప గిన్నె, చేతికి గరిటె ఇచ్చి వచ్చాడు. అక్కణ్ణించి ఊరేగింపు దిగి రావడం కనిపిస్తుంది. ఫోను ఇవ్వలేదా అనకండి. అన్నయ్య ఫోను ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది, పాడవకుండా.

మేం చర్చి దగ్గర బయల్దేరాం. అబ్బబ్బ, ఏం మోత! ముందు ట్రక్కు మీద రేఆల్ పెద్ద డోలు, వెనక నేను రెండు మూకుడు మూతలతో, నా పక్కన క్లోవిస్ రేకు గరగరలు, వెనక కొన్ని వందల మంది. మూడు రంగుల మీద పసుపు నక్షత్రం ఉన్న జెండాలు, అదే రంగులు పూసుకున్న ముఖాలు. ఫాదర్ మెలాన్సన్ కూడా చర్చి చేతిగంట తెచ్చి వాయిస్తున్నాడు. చెవులు చిల్లులు పడుతున్నాయి, ఎవరికీ తనివి తీరడం లేదు. మలుపు తిరిగేసరికి దూరంగా కట్ట మీద అన్నయ్య కనిపించాడు. గరిటెతో గిన్నెని చావగొడుతున్నాడు.

"చూడండ్రా ముసలాయన హుషారు!" అని ఎవరో అరిచారు. జనం ఊగిపోయారు. మోత రెట్టింపయింది.

అన్నయ్య ఇంకా గట్టిగా కొట్టాడు. మేం ఇంకా గట్టిగా బదులిచ్చాం. ఆయన ఎర్ర చొక్కా విప్పి తలపైన గిరగిరా తిప్పాడు. అంతే, ఊరేగింపులో సగం మంది మగాళ్ళు చొక్కాలు విప్పి తిప్పారు. చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అంటారు చూడండి, ఆ శంఖం మా అన్నయ్య, ఆ చెవిటివాళ్ళం మేం, పైగా మా చేతుల్లోనూ శంఖాలే.

అప్పుడు అన్నయ్య ఆపేశాడు. గరిటె పక్కన పెట్టాడు. చొక్కా ఒళ్ళో వేసుకుని మా వైపు చూస్తూ ఊరికే కూర్చున్నాడు.

నా చేతుల్లో మూతలు ఆగిపోయాయి. మా అన్నయ్య మాటలోగానీ మోతలోగానీ పక్కవాడికంటే ముందు ఆపిన మనిషి కాదు. గుండెపోటే అనుకున్నాను. మూతలు పడేసి పరుగు తీశాను. అరవై ఆరేళ్ళ వయసులో, పండగ గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని, ఆ రాళ్ళ దారిలో. వెనక జనం, "పరుగో పరుగు! జెర్మెన్, జెర్మెన్!" అని నా పేరు మీద తాళం వేశారు దరిద్రులు.

"అన్నయ్యా! నొప్పా? ఎక్కడ?"

"నీ తలకాయ నొప్పి! ఇందాకణ్ణించీ కొడుతుంటే వినపడదుటే? ఆపితేగానీ రావా? అటు చూడు!"

చూశాను. కట్టకి లోపలి వైపు, గోధుమ మడి అంచున, పిడికిలంత బొక్కలోంచి నీళ్ళు బుడబుడా వస్తున్నాయి. నీటెలుక తవ్విన బొక్క. నీళ్ళు తేటగా ఉంటే అంత భయం లేదు. ఇవి టీ రంగులో ఉన్నాయి. అంటే కట్టలో మట్టిని మోసుకొస్తున్నాయి. ఇటు పక్క సముద్రం ఇంకా సగం పోటే ఎక్కింది. పౌర్ణమి మర్నాడు, పెద్ద పోటు.

వెనక్కి పరుగెత్తాను. ట్రక్కు అప్పటికే శిలువ దగ్గరికి వచ్చేసింది. అరిచాను, ఎవరికీ వినపడలేదు. రేఆల్ నన్ను చూసి నవ్వుతూ డోలు మరింత బాదాడు. ట్రక్కు ఎక్కి వాడి చేతిలో కర్రలు లాగేసుకున్నాను.

"అత్తా! ఏంటిది?"

"నోర్ముయ్! అందర్నీ నోర్ముయ్యమను!"

డోలు ఆగేసరికి దాని వెనకున్నవాళ్ళు ఆగారు. వాళ్ళ వెనకవాళ్ళు ఆగారు. మోత ముందునుంచి వెనక్కి చచ్చిపోతూ పోయింది. ఆ నిశ్శబ్దంలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కట్టకి గండి పడుతోంది! గోధుమ పోతుంది!" అన్నాను.

ఇక చూడాలి. పండగ బట్టలు, రంగు ముఖాలు, అందరూ ఒక్కసారిగా కిందికి దూకారు. పారలు నాలుగే ఉన్నాయి. మిగతావాళ్ళు గిన్నెలతో, బకెట్లతో, చేతుల్తో గడ్డి పెళ్ళలు పీకి తెచ్చారు. నేను గట్టు మీద నిలబడి అందర్నీ తిడుతున్నాను, తిట్టకపోతే పని నడవదు. లోపలి వైపు ఎంత కుక్కినా నీళ్ళు తోసేస్తున్నాయి.

"లోపల కాదే, బయటి మూతి మూయాలి!" అని అన్నయ్య అరిచాడు. "సముద్రం వైపు మూస్తే ఆ నీళ్ళే తొక్కిపట్టి ఉంచుతాయి!"

క్లోవిస్ సముద్రం వైపు దిగిపోయాడు. గుండెల దాకా నీళ్ళు, మా నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో లూసియానా వాడికేం తెలుసు! కెవ్వుమన్నాడు. కట్ట పొడుగునా కాలితో తడుముకుంటూ పోయాడు.

"దొరికింది అక్కా! కాలు లాగేస్తోంది!"

"లాగనీ! ఏదైనా అడ్డం పెట్టు!"

మెడలోంచి గాట్ల రేకు విప్పి నీళ్ళలోకి దించి బొక్క మూతికి ఆనించాడు. ఠప్పున అతుక్కుంది. లోపలి వైపు బుడబుడ సన్నగిల్లింది, ఆగినట్టే ఆగింది. జనం పెట్టిన కేక అఖాతం అవతలి ఒడ్డుకి వినిపించి ఉంటుంది. నేను ఫాదర్ మెలాన్సన్‌ని కావలించుకున్నాను, ఆయన దగ్గరున్నాడు కాబట్టి. "ఇంక పెళ్ళలు తెండి! పైన ఇంకో వరస వేద్దాం! నిలుస్తుంది, నిలుస్తుంది!" అని గంతులేస్తున్నాను.

అన్నయ్య గంతులేయలేదు. కుర్చీలోంచి వంగి కట్ట నడినెత్తిని చూస్తున్నాడు. అక్కడ వెంట్రుకంత పగులు. చూస్తుండగానే వేలు పట్టేంతయింది. లోపల మట్టి అప్పటికే పోయింది, కట్ట డొల్లయి కూర్చుంది.

"వదిలెయ్యండి," అన్నాడు.

"ఏంటి వదిలేది?"

"కట్ట. ఇది పోతుంది. గోధుమ కొయ్యండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమైనా మతిపోయిందా? కట్ట తెగితే ఉప్పునీళ్ళు మడంతా నిండుతాయి. మళ్ళీ మూడు చలికాలాలు! నీకు..." అని ఆగిపోయాను. ఆ మిగతా మాట నా నోటితో అనలేను.

"నాకు మూడు చలికాలాలు లేవని. అంతేగా? నాకు తెలుసులేవే." అన్నయ్య గొంతు పెంచాడు, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా. "ఆ రోజు కూడా కోతల వేళే. కోసింది కోసినట్టే, నిలబడింది నిలబడ్డట్టే వదిలేసి ఓడలెక్కారు మనవాళ్ళు. పండిన చేను వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయారు. మట్టి కట్టదేముంది, మళ్ళీ వేస్తాం. పండిన చేను మాత్రం ఈసారి వదిలి పోం. ఒక్క కంకి కూడా వదలం. కొయ్యండి!"

అందరి చూపూ ఫాదర్ వైపు తిరిగింది. పండగ పూట కొడవలి కదా.

"నన్ను చూస్తారేం?" అన్నాడు ఫాదర్ మెలాన్సన్, అంగీ చేతులు పైకి మడుస్తూ. "మరియమ్మ కూడా ఇల్లు నడిపిన ఆడదే. రొట్టె సంగతి ఆవిడకి నేను చెప్పాలా? ఓ కొడవలి ఇలా పడెయ్యి."

అలాంటి కోత నేనెప్పుడూ చూడలేదు, మీరూ చూసి ఉండరు. శిలువ దగ్గర సందర్శకులకి చూపించడానికి ఉంచిన రెండు కొడవళ్ళు, జాలర్ల జేబుల్లోని చాకులు, ఎవరి చేతిసంచీలోదో కత్తెర. ఏదీ లేనివాళ్ళు వేళ్ళతో కంకులు తుంపారు. అంచునుంచి అంచుకి వరసగా నిలబడి, ఒకరినొకరు తోసుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ కోశాం. కంకులు గిన్నెల్లోకి, మూకుళ్ళలోకి, డోలు చర్మం చింపి దాని కడుపులోకి. జెండాలు విప్పి వాటిలో పనలు మూటగట్టారు. నా గౌను ఒడి నిండిపోయింది. కాళ్ళ కింద తడి తగిలింది. చూస్తే మళ్ళీ బురద నీళ్ళు.

"క్లోవిస్! పైకి రా!" అని అరిచాను.

"ఇంకా ఎంత మిగిలింది అక్కా?"

"నీకెందుకు? వచ్చెయ్!"

"ఎంత మిగిలిందో చెబితేనే వస్తా!" పళ్ళు టకటకలాడుతున్నాయి, వీపు ఆనించి ఆ రేకుని పట్టుకునే ఉన్నాడు. ఇంకో ఓడ ఎక్కినవాడి వంశంలోవాడికి ఎంత మొండితనమో చూడండి!

"నాలుగు వరసలు!" అన్నాడు ఫాదర్. "మూడు! రేఆల్, అటునుంచి రా! రెండు!"

రేఆలూ, ఇంకొకడూ కలిసి అన్నయ్యని కుర్చీతో ఎత్తారు. ఎత్తినా ఆయన మెడ తిప్పి వెనక్కి అరుస్తూనే ఉన్నాడు. "ఆ మూల! ఆ మూలది ఎవడు కోస్తాడు, మీ తాతా?" ఆ మూలది నేనే కోశాను. మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి, కాండం మొదట్లో పట్టుకుని పీకాను. ఇక ఒక్కటి కూడా లేదని రెండుసార్లు తడిమి చూశాను. "అయిపోయింది!" అన్నాను. ముగ్గురు మనుషులు క్లోవిస్‌ని రెక్కలు పట్టి లాగారు. అందరం రోడ్డు మీదికి ఎక్కేశాం.

కట్ట పెద్ద చప్పుడేమీ చెయ్యలేదు. నడుమ మెత్తగా కుంగింది, అంతే. ఆ సందులోంచి సముద్రం లోపలికి వచ్చింది. కోసిన మోళ్ళు ఒక్కొక్కటే మునిగాయి. మూడు చలికాలాలు కడిగిన నేల చూస్తుండగానే ఉప్పయిపోయింది. మగాళ్ళు టోపీలు తీశారు. ఎవరి గిన్నె కూడా మోగలేదు, అన్నిటి నిండా గోధుమలే. నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి ఉల్లిపాయల మాట ఎత్తలేదు, వెక్కి వెక్కి ఏడ్చాను. నన్ను చూసి ఇంకొందరు మొదలుపెట్టారు.

"జెర్మెన్, ఇలా రా," అన్నాడు అన్నయ్య. కుర్చీ ట్రక్కు పక్కన పెట్టారు, కాళ్ళ మీద ఎవరిదో కోటు. "ఒక కంకి నలుపు."

ఒళ్ళోంచి కంకి తీసి అరచేతుల మధ్య నలిపాను. పొట్టు ఊదేశాను. గింజలు లావుగా, ఎర్రగా ఉన్నాయి. అన్నయ్య నోట్లో వేసుకుని, ఉన్న నాలుగు పళ్ళతో నములుతూ కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. రుచి ఎలా ఉందో చెబుతాడని జనమంతా ఆయన చుట్టూ చేరారు. కళ్ళు తెరిచి, ఏడుపు ముఖాలన్నీ ఒకసారి చూసి విసుక్కున్నాడు.

"ఏంట్రా ఈ ఏడుపులు? వచ్చింది సముద్రంరా, సైన్యం కాదు. అర్ధరాత్రికల్లా అదే వెనక్కి పోతుంది. రేపటి ఆటుకి పారలు పట్టుకు రండి."

"నువ్వొచ్చి కడతావా?" అన్నాను ముక్కు చీదుకుంటూ.

"నేను కూర్చుని తిడతాను. కట్టడానికి మీరంతా లేరా? ఆ లూసియానా దున్నపోతు లేడా?"

దుప్పట్లో వణుకుతున్న క్లోవిస్ చెయ్యి పైకెత్తాడు.

"మరి మూడు చలికాలాలు..." అన్నాను.

"ఉప్పు పోతుందే. మనం తిరిగొచ్చినంత ఆలస్యమేం చెయ్యదు. సగం పిండి పట్టించు, రేపే రొట్టె కాల్చు. సగం విత్తనానికి దాచు." అరచెయ్యి చాచాడు. "ఇంకో కంకి నలుపు."

నలిపి, పొట్టు ఊది, ఆ చేతిలో పోశాను.